తూరల ఇంటి నీటి చావులు

సైమా పెంతిల ముప్ఫై ఒక్క ఏళ్ళు పాలు పరీక్షించి బతికింది. వెహ్మాల ఊరి సహకార పాలకేంద్రం వెనక గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, ఏ ఇంటి పాలలో వెన్న ఎంతుంది, ఏ ఇంటి ఆవుకు పొదుగువాపు మొదలైంది, ఎవరు క్యాను కడక్కుండా పంపారు, అన్నీ గాజుగొట్టంలో తేల్చి చెప్పేది. చర్చిలో ఆమె పక్కన కూర్చోవాలంటే ఊళ్ళో ఆడవాళ్ళు కొంచెం జంకేవాళ్ళు. సైమా చూపు పడితే విరిగేది పాలొక్కటే కాదని వెనకాల నవ్వుకునేవాళ్ళు.

పాలకేంద్రం మూతపడిన చలికాలంలో గ్రంథాలయం తలుపు మీద ఒక కాగితం కనిపించింది. పాత చర్చి పుస్తకాలను ఎత్తి రాయడానికి మనుషులు కావాలి, జీతం ఉండదు అని. వెహ్మాల పాస్టర్లు రెండు వందల ఏళ్ళ పాటు రాసిన పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు అన్నీ ఫిల్ములకెక్కి గ్రంథాలయంలో ఒక ఇనుప బీరువాలో ఉన్నాయి. వాటిని వరుస తర్వాత వరుస చదివి, అచ్చు ఫారాల్లో నింపి హెల్సింకికి పంపాలి. తాతముత్తాతల్ని వెతుక్కునేవాళ్ళకు పనికొస్తుందట. చేతులు ముడుచుకుని కూర్చోవడం చేతకాని సైమా మర్నాడే వెళ్ళి పేరిచ్చింది.

పాత పాస్టర్లు స్వీడిష్‌లో రాసేవాళ్ళు. సైమాకు స్వీడిష్ రాదు. కానీ మనిషి పుట్టడానికి, పెళ్ళాడడానికి, పోవడానికి కావలసిన మాటలు నలభైకి మించవని మొదటి ఏడాదిలోనే అర్థమైంది. ఆరేళ్ళలో పదకొండు వేల వరుసలు రాసింది. ఆమె పద్ధతి ఒకటే. ముందు పేరును పెదవుల మీద చదవాలి, ఆ తర్వాతే పెన్సిలు కదలాలి. చదవకుండా రాస్తే ఆ మనిషిని రెండోసారి పాతిపెట్టినట్టు ఉంటుందనేది.

"చచ్చినోళ్ళతో కాపురం పెట్టావే నువ్వు. వాళ్ళల్లో ఒక్కడన్నా కాఫీ ఇచ్చాడా?" అనేవాడు ఆమె భర్త ఓయివా.

"బతికున్నోడివి, నువ్వు మాత్రం ఇచ్చావేంటయ్యా?" అనేది సైమా.

కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పేది కూడా ఆమే. నేర్పేటప్పుడు మొదట చెప్పే మాట ఒకటుంది. ఈ పశ్చిమ సీమలో పేరు ఇంటిది, మనిషిది కాదు. కొడుకు వేరే ఇంటికి ఇల్లరికం వెళితే ఆ ఇంటి పేరు పెట్టుకుంటాడు. ఎవడో పరాయివాడు ఇల్లు కొంటే, గుమ్మం దాటిన మరుక్షణం ఆ ఇంటి పేరు వాడిదే. కాబట్టి పేరు పట్టుకుని రక్తాన్ని వెతకొద్దు, పప్పులో కాలేస్తారు అని చెప్పేది.

పందొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం మే నెలలో ఆమె చావుల పుస్తకంలో పడింది. పద్దెనిమిదో శతాబ్దం చివరినుంచి పద్దెనిమిది వందల డెబ్బై దాకా. ప్రతి వరుసలో తేదీ, పేరు, ఇల్లు, వయసు, ఎందువల్ల అన్నవి ఉంటాయి. మశూచి, కోరింత దగ్గు, నెత్తుటి విరేచనాలు, కరువు ఏడాదిలో ఆకలి జ్వరం. అవి వచ్చినప్పుడు ఊరంతా ఒకేసారి వచ్చేవి. ఒక ఇంట ముగ్గురు పోతే పక్కింట ఇద్దరు పోయేవాళ్ళు. అలాంటి పేజీలు రాస్తున్నప్పుడు బాధ ఉండేది కానీ ఆశ్చర్యం ఉండేది కాదు.

జూన్ నెల మధ్యలో ఆమెను ఆపేసింది ఒక వేసవి చావు. తూరల ఇంటి పిల్లవాడు, తొమ్మిదేళ్ళు, జూలై, మునిగి. ఎదురుగా పాస్టరు సన్నటి అక్షరాలతో అదనంగా ఒక ముక్క రాశాడు: మోకాలి లోతు నీళ్ళలో, అన్న చూస్తుండగా, కేకైనా వేయకుండా.

సైమా ఫిల్మును వెనక్కి తిప్పింది. ముందుకు తిప్పింది. పాలకేంద్రంలో లెక్క తప్పిన నమూనా పక్కన ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టడం ఆమెకు అలవాటు. ఇప్పుడూ ఒక గళ్ళకాగితం తీసుకుని చుక్కలు పెట్టింది. డెబ్బై ఏళ్ళలో తూరల ఇంట ఎనిమిది చుక్కలు తేలాయి. అందరూ ఏడేళ్ళకూ పదిహేనేళ్ళకూ మధ్య. ఆరుగురు నీళ్ళలో, అది కూడా గాలి లేని వేసవి రోజుల్లో. ఒక పిల్ల పదకొండేళ్ళది, తప్పించుకున్న దూడ వెంట పరుగెత్తుతూ ఉన్నట్టుండి పడిపోయింది. ఒకడు కోతల పందెంలో. నీళ్ళలో పోయిన ఒకడి పేరు పక్కన పాస్టరు, తనకే నమ్మకం కుదరనట్టు, 'ఈత బాగా వచ్చినవాడు' అని రాశాడు.

వెహ్మాలలో నీటి చావులు కొత్త కాదు. ఇంటి ముందు సరస్సు పెట్టుకుని బతికే ఊరు. కానీ మిగతా ఇళ్ళలో మునిగినవాళ్ళు పెద్ద మగవాళ్ళు. తుఫానులో వలలెత్తబోయి పోయారు, వసంతంలో పలచబడ్డ మంచు మీద నడిచి పోయారు, తాగి పడవెక్కి పోయారు. చావుకు ఒక కారణం కనిపిస్తుంది. తూరల పిల్లల చావులకు అలాంటి కారణం ఒక్కటీ లేదు.

ఇంటికొచ్చి ఓయివాకు చెప్పింది.

"తూరల రేవు మంచిది కాదని మా నాయన కూడా అనేవాడు. నెక్కి ఉంటదంట అక్కడ. కాలు పట్టి లాగుద్దంట" అన్నాడతను, కొత్త బంగాళాదుంప తొక్క తీస్తూ.

"నీటి దయ్యానికి ఒక్క ఇంటి పిల్లలే రుచా? పక్కింటోళ్ళు అదే రేవులో వందేళ్ళు ఈదారు, వాళ్ళెవర్నీ పట్టుకోలేదే?"

"అయితే ఏంటంటావు?"

"ఒంట్లోంచి వచ్చిందయ్యా అది. నీళ్ళల్లోంచి కాదు."

మందుల షాపులో ఊరికే ఇచ్చే ఆరోగ్య పత్రికలో ఆమె ఒకప్పుడు ఒక వ్యాసం చదివింది. కొన్ని కుటుంబాల్లో గుండె చూడడానికి బాగానే ఉంటుంది. పరుగెత్తినప్పుడో ఈదినప్పుడో, అందులోనూ చల్లటి నీళ్ళలో, దాని లయ తప్పుతుంది. కొన్ని క్షణాలు కొట్టుకోవడం మాని ఊరికే వణుకుతుంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో సగంమందికి వస్తుంది. గుండె పట్టీ, అదే ఈసీజీ, తీస్తే చాలావరకు కనిపిస్తుంది. కనిపిస్తే మాత్ర ఉంది. కనిపెట్టకపోతే మొదటి గుర్తే ఆఖరిది కావచ్చు. అప్పట్లో ఆ వ్యాసం చదివి పత్రిక మడిచి పొయ్యి రాజేయడానికి వాడుకుంది. ఇప్పుడు ప్రతి వాక్యమూ గుర్తొచ్చింది.

ఆ రక్తం ఇప్పుడు ఏ పిల్లల్లో పారుతోంది? ఆ ప్రశ్న ఆమెను పట్టుకుని వదల్లేదు. ఊళ్ళో ఈత బడి సోమవారం మొదలవుతుంది. తూరల ఇంట ఎనిమిదేళ్ళ కవలలున్నారు.

శనివారం పొద్దున సైకిలెక్కి తూరలకు వెళ్ళింది. ఆ ఇంటి ఇల్లాలు ఎల్వి పుల్లటి రుబార్బు కాడలు కోస్తూ పెరట్లో ఉంది. దూరంనుంచే నవ్వింది.

"ఏం పెంతిలమ్మా, మళ్ళీ మా పాలల్లో ఏమన్నా తేలిందా? పాలకేంద్రం పోయినా నువ్వు పోవే!"

"పాలు కాదు ఎల్వీ. కూర్చుని మాట్లాడుకోవాలి."

ఎల్వి ఆమెను వంటింట్లోకి తీసుకెళ్ళి కాఫీ పోసి, యాలకుల రొట్టె ముందు పెట్టింది. సైమా ముట్టుకోలేదు. గళ్ళకాగితం బల్ల మీద పరిచి, ఒక్కొక్క పేరూ పెదవుల మీద చదివి వినిపించింది. నాలుగో పేరు దగ్గరికి వచ్చేసరికి ఎల్వి మొహంలో నవ్వు పోయింది. ఎనిమిదో పేరు అయ్యేసరికి లేచి కిటికీలోంచి బయటికి చూసింది. కవలలు సావిడి గోడకేసి బంతి కొడుతున్నారు.

"ఇదంతా ఎందుకు చెప్తున్నావు నాకు?"

"నీ పిల్లల్ని నీళ్ళల్లోకి పంపే ముందు డాక్టరుకి చూపించమని. వాళ్ళు తూరల పిల్లలు."

ఎల్వి ఒక్క క్షణం ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత గట్టిగా ఊపిరి వదిలి కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"ఓసి నా తల్లీ, గుండె ఆపేశావు కదే! మా ఆయన ముత్తాత లాపువాలో గుర్రాలమ్ముకునేవాడు. పద్దెనిమిది వందల ఎనభై రెండులో వచ్చి వేలంలో ఈ ఇల్లు కొన్నాడు. బావితో పాటు పేరూ వచ్చింది, అంతే. నీ పుస్తకంలో పిల్లలకీ మాకూ ఏంటి సంబంధం? వాళ్ళు పడుకున్న గదిలో మేం పడుకుంటున్నాం, అదే సంబంధం."

సైమా బల్ల మీది గళ్ళకాగితాన్ని మడిచింది.

"గ్రంథాలయంలో కొత్తోళ్ళకి పాఠాలు చెప్పేది నువ్వేగా? పేరు గోడలది, మనుషులది కాదని? మా చెల్లెలు నీ దగ్గర నేర్చుకుని వచ్చి ఒకటే చెప్పింది నీ గురించి. మరి నీకెవరు చెప్తారమ్మా పాఠం?" అంటూ ఎల్వి కాఫీ గిన్నెను ఆమె ముందుకు జరిపింది. "తాగు, తాగు. మొహం చూడు, మజ్జిగలా ఉంది."

తల కొట్టేసినట్టయింది సైమాకు. పదకొండు వేల వరుసలు రాసిన మనిషి, మొదటి రోజు వచ్చిన పిల్లకైనా తగని తప్పు చేసింది. గుక్కెడు కాఫీ తాగి, తప్పయిందని చెప్పి బయటికొచ్చింది. కవలలు ఆమెను చూసి చేతులూపారు. వాళ్ళకేమీ కాదు. ఆ ఊరట సైకిలు పెరటి గేటు దాటేదాకా నిలిచింది. దాటాక కొత్త భయం పట్టుకుంది. ఇక్కడ లేకపోతే అది ఎక్కడికి పోయింది? ఎనిమిదిమంది పోయారు. పోనివాళ్ళు కూడా ఉంటారు కదా. వాళ్ళు ఈ ఇంటి గుమ్మం దాటి వెళ్ళి, వేరే పేరు పెట్టుకుని పిల్లల్ని కన్నారు. ఇన్నాళ్ళూ ఒక పేరు కింద కనిపించినది, ఇప్పుడు ఏ పేరు వెనక దాక్కుందో తెలియదు.

ఆదివారం గ్రంథాలయం ఉండదు. కొడుకు ఎస్కో, కోడలు విర్పి, మనవరాలు ఊనా భోజనానికి వచ్చారు. ఊనాకు ఏడేళ్ళు. ఎర్రటి ఈత దుస్తు కొనుక్కుని, దాన్ని గౌను మీదే తొడుక్కుని వచ్చింది. చాప మీద బోర్లా పడుకుని చేతులు ఆడించి చూపించింది.

"నానమ్మా, చూడు, కప్ప ఈత! రేపు నేనే ఫస్టు!"

"పెంతిలోళ్ళకీ నీళ్ళకీ పడదమ్మా. నన్ను చూడు, అరవై ఏళ్ళు ఈ ఒడ్డున ఉన్నా మోకాళ్ళు దాటి దిగలేదు" అన్నాడు ఓయివా.

"మీరు దిగలేదు సరే మామయ్యా, దీన్ని దిగనివ్వండి. మార్చిలో స్కీ పందెంలో కళ్ళు తిరిగి పడ్డప్పట్నుంచీ బెంగ పెట్టుకుంది, ఇందులోనన్నా గెలవాలని. ఆ రోజు ఏం తినకుండా వెళ్ళింది, మొండిఘటం" అంది విర్పి.

సైమా గిన్నెలు సర్దుతోంది. ఆమె మనసంతా ఇనుప బీరువాలోనే ఉంది. ఆ మాటలు చెవిని తాకి వెళ్ళిపోయాయి.

సోమవారం పదింటికి గ్రంథాలయం తలుపు తెరుచుకునేసరికి ఆమె మెట్ల మీద నిలబడి ఉంది. చావుల పుస్తకం కాదు ఇప్పుడు కావలసింది. ఇళ్ళవారీ పుస్తకం. ప్రతి ఇంటికీ ఒక పేజీ ఉంటుంది. ఆ ఇంట ఎవరు పుట్టారు, ఎవరు వచ్చారు, ఎవరు ఎక్కడికి వెళ్ళారు అని పాస్టరు అందులో రాసేవాడు. పోయినవాళ్ళ మీద అడ్డగీత కొట్టేవాడు.

తూరల పేజీ దొరికింది. పద్దెనిమిది వందల అరవైల నాటిది. పదకొండుమంది పిల్లలు. గీతలే గీతలు. పెద్దయ్యేదాకా గీత పడనివాళ్ళు ముగ్గురు మిగిలారు. మరియా, తుర్కు పట్నంలో పనికి వెళ్ళి కరువు ఏడాదిలో జ్వరంతో పోయింది. ఆ చావు కబురు పేజీ అంచున ఉంది. ఈవా, తర్వాతి పుస్తకాల ప్రకారం, పెళ్ళి లేకుండా ముసలిదై పోయింది. మూడోవాడు కుస్తా. పేరు పక్కన ఎక్కడికి వెళ్ళాడో రాసి ఉంది. సైమా అలవాటు ప్రకారం పెదవుల మీద చదివింది.

పెంతిల ఇంటికి, ఇల్లరికం, పద్దెనిమిది వందల అరవై తొమ్మిది.

మళ్ళీ చదివింది. ఫిల్ము తిప్పి పెంతిల పేజీ తీసింది. ఇంటి కూతురు అమాలియా. ఆమె భర్త కుస్తా పెంతిల. తూరల అన్న మాట అక్కడికి వచ్చేసరికే మాయమైపోయింది. ఆరు తరాలుగా ఈ ఇంట్లో పుట్టినవాళ్ళం అని ఓయివా పండగ పూట ఎవరొచ్చినా చెప్పేవాడు. ఇల్లు మారలేదు, పేరు మారలేదు. మధ్యలో రక్తం మారిందని ఎవరికీ తట్టలేదు. కుస్తా ఓయివాకు ముత్తాత.

ఓయివా అన్న ఆర్వో గుర్తొచ్చాడు. పందొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదిలో, పన్నెండేళ్ళప్పుడు, రేవు మెట్ల దగ్గరే పోయాడు. కడుపునిండా తిని దిగాడని ఇంట్లో అందరూ చెప్పుకునేవాళ్ళు. పటాలంలో ఓయివా పరుగులో పడిపోతే వంటశాలకు మార్చారు. దాన్ని ఇంట్లో ఇప్పటికీ వేళాకోళంగా చెప్పుకుంటారు. ఇక మార్చి నెల, స్కీ పందెం. ఎవరికి వాళ్ళు ఒక కారణం చెప్పుకున్నారు. ఒకడు ఎక్కువ తిన్నాడు, ఒకతె తినలేదు.

గోడ గడియారం పదకొండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఈత బడి పదకొండింటికి.

ఫిల్ము యంత్రం దీపం ఆర్పడం కూడా మరిచిపోయి సైమా బయటికి పరుగెత్తింది. ఊరి స్నానాల రేవు నాలుగు కిలోమీటర్లు. యాభై తొమ్మిదేళ్ళ మోకాళ్ళతో ఆమె అంత వేగంగా ఎన్నడూ తొక్కలేదు. ఎండ కాస్తోంది, గాలి లేదు, సరస్సు అద్దంలా ఉంది. గాలి లేని వేసవి రోజు అని ఆమె మనసులో ఎవరో చదువుతున్నట్టు వినిపించింది.

పిల్లలు పదహారుమంది. నీళ్ళలో ఒక తాడు కట్టారు. పంతులమ్మ ఈల నోట్లో పెట్టుకుని చెక్కవంతెన మీద నిలబడింది. నలుగురు నలుగురుగా తాడు దాకా ఈది రావాలి. ఎర్ర దుస్తు రెండో జట్టులో ఉంది, రొమ్ము లోతు నీళ్ళలో, చేతులు చాచి. ఈల మోగింది.

సైకిలు ఇసుకలో పడేసి సైమా నీళ్ళలోకి దిగింది. బూట్లతో, గౌనుతో. చల్లదనం పిక్కల్ని కొరికింది. రెండు బారలు ఈదిన ఊనా చేయి పట్టుకుని ఒక్క గుంజు గుంజి పైకెత్తింది.

"నానమ్మా! వదులు! నేనే ముందున్నాను! నానమ్మా!"

ఒడ్డున తల్లులందరూ లేచి నిలబడ్డారు. విర్పి కాఫీ ఫ్లాస్కు పక్కకు తన్నేసి పరుగెత్తుకొచ్చింది.

"ఏంటత్తయ్యా ఇది? పిల్ల గుండె ఆగిపోయేలా చేశారు!"

"ఆగకూడదనే చేశాను. తూరల ఇంట మునిగి పోయిన పిల్లల రక్తమే మీ మామయ్యది, పుస్తకంలో చూశాను. దీనికి గుండె పట్టీ తీయించేదాకా నీళ్ళల్లోకి పంపను."

"ఏమైంది మీకు? ఆ పుస్తకాల్లో చచ్చినోళ్ళని తెచ్చి నా పిల్ల మీద పెడతారా? అందరూ చూస్తున్నారు!"

"చూడనీ. మార్చిలో పడిపోయింది కదా, ఎందుకంటావు?"

"తినలేదు కాబట్టి. ఎన్నిసార్లు చెప్పాలి?"

"పందెంలో ఇంకెంతమంది తినకుండా వచ్చారు? వాళ్ళు పడ్డారా విర్పీ?"

ఊనా తడి జుట్టుతో వణుకుతూ ఏడుస్తోంది. ఆ ఏడుపు విన్నకొద్దీ సైమాకు ధైర్యం వచ్చింది. ఏడుస్తోందంటే ఊపిరాడుతోంది. విర్పి తువ్వాలు చుట్టి పిల్లను హత్తుకుంది. అత్త మొహం చూడకుండానే, "గురువారం డాక్టరమ్మ ఉంటుంది. పట్టీలో ఏం లేకపోతే మీరు ఈ బీచికొచ్చి అందరి ముందూ దీనికి క్షమాపణ చెప్పాలి" అంది.

"మోకాళ్ళ మీద చెప్తాను" అంది సైమా. ఆ క్షణంలో అంతకంటే ఆమె కోరుకున్నది ఇంకేమీ లేదు.

ఆరోగ్య కేంద్రం డాక్టరు చిన్న వయసు మనిషి. గుండె పట్టీ యంత్రంలోంచి వస్తుంటే మామూలుగా కబుర్లు చెప్పింది. తర్వాత పట్టీని బల్ల మీద పరిచింది. స్కేలు పెట్టి ఒక చోట కొలిచింది. ఇంకో చోట కొలిచింది. మూడో చోటా కొలిచేసరికి కబుర్లు ఆగిపోయాయి. జీవితమంతా గాజుగొట్టాల మీది గీతలు చదివిన సైమాకు ఆ మౌనం ఏమిటో తెలుసు. నమూనా హద్దు దాటింది.

"పరుగులు వద్దు. ఈత అసలే వద్దు" అంది డాక్టరు మెల్లిగా. "మాత్రలు ఈ రోజే మొదలుపెడదాం. పెద్దాసుపత్రికి రాస్తాను. పాప వాళ్ళ నాన్నకీ తాతకీ కూడా తీయాలి. సోమవారం రండి."

"నేను ఈతకి మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి?" అని అడిగింది ఊనా. డాక్టరు చీటీ రాయడంలో పడింది, విర్పి పిల్ల బూటు లేసు కట్టసాగింది. పిల్ల వాళ్ళందరినీ వదిలేసి నానమ్మ వైపే కోపంగా చూసింది. నీ వల్లే కదా అన్నట్టు.

విర్పి వరండాలోకి వచ్చాక గోడకు చేరగిలబడింది. "సోమవారం ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమయ్యుంటే..." అని, ఊనా చేయి గట్టిగా పట్టుకుంది.

డాక్టరు సైమాను వెనక్కి పిలిచింది. "మీ ఆయన వైపు ఇంకెవరెవరున్నారు? తోబుట్టువులు, వాళ్ళ పిల్లలు?"

ఆ సాయంత్రం సైమా అచ్చు ఫారం తిరగేసి, వెనక తెల్లటి వైపున రాయడం మొదలుపెట్టింది. కుస్తా, అతని కొడుకు, కొడుకు కొడుకులు. పెదవుల మీద చదువుతూ రాసింది. ఆ కిందివాళ్ళందరూ బతికున్నవాళ్ళే కావడం ఆమెకు ఇదే మొదటిసారి. తెలిసినవాళ్ళే నలభై ముగ్గురు తేలారు. వాళ్ళలో పదహారేళ్ళ లోపు పద్నాలుగుమంది.

మర్నాడు శుక్రవారం, యుహన్నుస్ పండుగ. నడివేసవికి దేశంలో ఇళ్ళన్నీ ఖాళీ అవుతాయి. అందరూ సరస్సుల ఒడ్డున ఉండే చిన్న చెక్క ఇళ్ళకు వెళ్ళిపోతారు. ఆవిరి స్నానం చేస్తారు, తాగుతారు, నీళ్ళలో దూకుతారు. ఆ చెక్క ఇళ్ళలో ఫోన్లుండవు. సైమా పొద్దున ఏడింటినుంచీ ఫోను తిప్పుతూనే ఉంది. తంపెరెలో ఓయివా పినతండ్రి కొడుకింట్లో ఫోను మోగి మోగి ఆగింది. హెల్సింకిలో ఇద్దరిళ్ళలోనూ అంతే. ప్రతి నంబరూ ఖాళీ గదుల్లో మోగుతోంది. జాబితాలోని తొమ్మిది ఇళ్ళలో ఫోను ఎత్తినవి రెండే.

పక్క ఊళ్ళో ఓయివా చెల్లెలు సిర్కా ఇంట్లో పన్నెండోసారి మోగాక ఎవరో ఎత్తారు.

"నేను పక్కింటామెనండీ, పూలకి నీళ్ళు పోద్దామని వచ్చా. వాళ్ళు నిన్ననే సరస్సు ఇంటికి వెళ్ళిపోయారుగా? మనవళ్ళిద్దరూ పట్నం నుంచి వచ్చారు. ఈత నేర్చుకున్నారంట, ఇక పండగంతా నీళ్ళల్లోనే ఉంటారంట."

సైమా ఫోను పెట్టేసేసరికి ఓయివా కారు తాళాలు తీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆ నాలుగు రోజుల్లో అతను ఒక్క వేళాకోళమూ ఆడలేదు.

"నువ్వు నడపగలవా?" అంది.

"నడపడానికి గుండెతో పనేంటే, ఎక్కు."

గంటన్నర దారి. చివరి ఆరు కిలోమీటర్లు కంకర రోడ్డు. పండగకు గుమ్మాలకు కట్టిన బిర్చి కొమ్మలు దారి పొడుగునా ఆకులు వేలాడేసి ఉన్నాయి. కారు ఆగగానే సైమా చెవులు రిక్కించింది. నీళ్ళ చప్పుడు లేదు.

పరుగుతో మలుపు తిరిగింది. ఆవిరి గది మెట్ల మీద పిల్లలిద్దరూ తువ్వాళ్ళు కప్పుకుని సాసేజీలు తింటున్నారు. పెద్దవాడికి పదేళ్ళు, చిన్నవాడికి ఎనిమిది. జుట్టు తడిగా ఉంది. సైమా అక్కడే గడ్డిలో కూర్చుండిపోయింది.

"ఓ వదినా! అన్నయ్యా! చెప్పాపెట్టకుండా వచ్చారేంటి? ఎవరన్నా పోయారా ఏంటి, ఆ మొహాలు?" అంటూ సిర్కా కాఫీ గిన్నెతో బయటికొచ్చింది.

"ఎవరూ పోలేదు" అన్నాడు ఓయివా.

సైమా పిల్లల్నే చూస్తోంది. "ఏరా, ఈత బాగా వచ్చిందంటగా మీకు?"

"నాకొచ్చింది. వీడు మోసగాడు" అన్నాడు చిన్నవాడు, అన్నను మోచేత్తో పొడుస్తూ. "నిన్న నాతో పందెం కాసి, మధ్యలో నీళ్ళల్లో నిద్రపోయాడు. మొహం కిందికి పెట్టి. నేను కాలు పట్టుకుని లాగితే లేచాడు."

"నిద్ర కాదు" అన్నాడు పెద్దవాడు చిరాగ్గా. "ఏమైందో నాకు గుర్తులేదు, అంతే."

"దొంగ వేషాలు ఇవన్నీ. ఓడిపోతానని తెలిసి!" అని సిర్కా నవ్వింది. "పదండి, తిన్నారుగా, మళ్ళీ దూకుదురు గాని."

పిల్లలు తువ్వాళ్ళు విసిరేసి లేచారు. వాళ్ళకంటే ముందు సైమా లేచింది. గోడవారగా ఉన్న కుర్చీ ఒకటి ఎత్తుకుని చెక్కవంతెన మీదికి నడిచింది. మొదట్లోనే, ఇద్దరు పక్కపక్కన పట్టనంత ఇరుకైన చోట దాన్ని అడ్డంగా వేసి, సరస్సుకు వీపు పెట్టి కూర్చుంది.

"వదినా, పిల్లలకి దారివ్వు. ఏం చేస్తున్నావు?"

"కాఫీ ఇక్కడికే తీసుకురా సిర్కా. కూర్చుని చెప్తాను. చాలా ఉంది."

"ఎంతసేపు కూర్చుంటావు అక్కడ?"

"సోమవారం ఆరోగ్య కేంద్రం తెరిచేదాకా" అంది సైమా. ఎదురు ఒడ్డున, పక్క రేవులో, ఆ పై రేవులో, పండక్కి వచ్చిన పిల్లలు నీళ్ళలోకి దూకుతున్న చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. ఎవరి పిల్లలో ఆమెకు తెలియదు.